ఫీజు కట్టినవాడి రివ్యూ: బాసెల్, బెర్న్ యూనివర్సిటీల ఉమ్మడి ఎమ్మెస్సీ

కోర్సు చదివింది మా అమ్మాయి. డబ్బు పంపింది నేను. "నువ్వు చదివిన కోర్సు మీద నాలుగు ముక్కలు రాయమ్మా, మన పిల్లలకి పనికొస్తుంది" అంటే, "నాకంత తీరిక లేదు నాన్నా, నువ్వే రాయి, నీకే ఎక్కువ తెలుసు" అంది. అది వెటకారమో నిజమో తేల్చుకోకుండానే మొదలుపెట్టాను. మాది పాలకొల్లు. బ్యాంకులో 36 ఏళ్ళు చేసి, హెడ్ క్యాషియర్‌గా 2020లో రిటైరయ్యాను. పాఠాల గురించి ఇక్కడ రాసిందంతా ఫోన్లో విన్నది, తన నోట్సుల్లో చూసింది. ఖర్చు గురించి రాసింది మాత్రం నా చేతి మీదుగా జరిగింది.

కోర్సు పేరు మాస్టర్ ఆఫ్ సైన్స్ ఇన్ ఇంటర్నేషనల్ అండ్ మానిటరీ ఎకనామిక్స్. స్విట్జర్లాండ్‌లో బాసెల్ యూనివర్సిటీ, బెర్న్ యూనివర్సిటీ కలిసి ఇస్తాయి. చదువంతా ఇంగ్లీషులోనే.

బాసెల్ అనే మాట నాకు కొత్త కాదు. బ్రాంచికి వచ్చే సర్క్యులర్లలో ఏళ్ళ తరబడి చూశాను. బాసెల్ వన్, బాసెల్ టూ, బాసెల్ త్రీ. బ్యాంకు ఇంత అప్పు ఇస్తే, దాని రిస్కును బట్టి సొంత మూలధనం ఇంత ఉంచుకోవాలి అనే లెక్కలవి. 1988లో వచ్చిన మొదటిదాంట్లో నూటికి ఎనిమిది అన్నారు, తర్వాత మన రిజర్వ్ బ్యాంకు తొమ్మిది చేసింది. మేము ఆ కాగితాల మీద ఇనీషియల్ వేసి ఫైల్లో పెట్టేసేవాళ్ళం. బాసెల్ అంటే ఎవరో దొర పేరనుకున్నాను చాలాకాలం. అది ఊరని, ఊరి మధ్యలో రైన్ నది పారుతుందని, రైల్వే స్టేషన్ దగ్గరే బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ వాళ్ళ గుండ్రటి ఎత్తు భవనం ఉంటుందని మా అమ్మాయి వీడియో కాల్‌లో చూపించేదాకా నాకు తెలీదు. 1930లో పెట్టిన సంస్థ అది. మన రిజర్వ్ బ్యాంకు లాంటి సెంట్రల్ బ్యాంకులకి బ్యాంకు. ఆ లెక్కలు రాసిన కమిటీ కూర్చునేదీ అక్కడే. ఫోను ఆ భవనం వైపు తిప్పి, "నాన్నా, నీ సర్క్యులర్లన్నీ ఇక్కడ పుట్టినవే" అంది.

ఈ పిచ్చి తనకి ఎప్పుడు పట్టుకుందో చెప్పాలి. డబ్బు మీద ఆశ కాదు, అసలు డబ్బంటే ఏంటి అన్న పిచ్చి. 2016 నవంబరులో తను భీమవరంలో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. 8వ తేదీ రాత్రి నోట్ల రద్దు ప్రకటన వచ్చాక నెల పాటు నేను రాత్రి పదకొండు కాకుండా ఇల్లు చేరలేదు. వచ్చేసరికి వేళ్ళు నల్లగా ఉండేవి, సబ్బు పెట్టి రుద్దినా వదిలేవి కాదు. ఒక ఆదివారం అన్నం తింటుంటే అడిగింది. "నాన్నా, మొన్నటి ఐదొందల నోటు, ఇవాళ నీ చేతిలోకొచ్చిన ఐదొందల నోటు ఒకటే కదా. మరి విలువ ఎటు పోయింది?" అప్పటికి 32 ఏళ్ళ సర్వీసు నాది. సరైన జవాబు దొరకలేదు. "నోటు మీద గవర్నర్ సంతకం పెట్టి ఇచ్చిన మాట ఉంటుందమ్మా, ఆ మాట వెనక్కి తీసుకున్నారు" అన్నాను. "మాటకేనా ఇంత క్యూ?" అంది.

మర్నాటి ఏడాది ఎంసెట్ ర్యాంకు పక్కన పెట్టి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఎమ్మే ఎకనామిక్స్‌లో చేరింది. మా చుట్టాల్లో సగంమంది అది బీకామ్ లాంటిదనుకున్నారు. మిగతా సగం నాకు ధైర్యం చెప్పారు. 2022లో అది పూర్తవుతుండగా స్విట్జర్లాండ్ మాట ఎత్తింది. "ఎమ్మే అయ్యాక మళ్ళీ మాస్టర్సేంటే, ఒకే సినిమాకి రెండుసార్లు టికెట్టా?" అంది మా ఆవిడ. ఎమ్మేలో విన్నదాన్ని అక్కడ లెక్క కట్టి చూపిస్తారని మా అమ్మాయి వాదన. ఈ వాదన ఎంత నిజమో తర్వాత చెప్తాను.

ముందు ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. ఏసీ గది, గోడ నిండా జెండాలు. కోర్సు పేరు చెప్పగానే అక్కడి కుర్రాడు కంప్యూటర్లో వెతికి, "స్విట్జర్లాండ్‌లో మాకు హోటల్ మేనేజ్‌మెంట్ ఉందండి" అన్నాడు. ఎకనామిక్స్ బాబూ అన్నాను. "అవి మా లిస్టులో లేవు అంకుల్. ఐర్లండ్ వేద్దామా? బిజినెస్ ఎనలిటిక్స్. జనవరి ఇన్‌టేక్ దొరుకుతుంది." మా అమ్మాయి టేబుల్ కింద నా కాలు తొక్కింది. ఆ లిస్టు యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్ల లిస్టని లేచి బయటికొచ్చాక చెప్పింది. దరఖాస్తు సొంతంగానే వేసుకుంది. అందులో ఎవరి సాయం అక్కర్లేదని చూశాక నాకూ అర్థమైంది: మార్కుల జాబితాలు, ఏ సబ్జెక్టులో ఏం చదివారన్న వివరం, ఇంగ్లీషు వచ్చన్న రుజువు. వాళ్ళు పట్టి చూసేది రెండో అంశమే. డిగ్రీలో ఎకనామిక్స్, మేథ్స్, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉండాలి. బీటెక్ చేసి మనసు మార్చుకున్న పిల్లలు ముందు ఆ గండం ఆలోచించుకోవాలి. సెప్టెంబరు చదువుకి అంతకు ముందు చలికాలంలోనే కాగితాలు సర్దుకోవడం మంచిది. మనవాళ్ళకి వీసాకే నెలలు పడుతుంది.

ఉమ్మడి డిగ్రీ అంటే ఏంటని మా వీధిలో అందరూ అడిగారు. బ్యాంకువాళ్ళకైతే ఒక్క మాటలో చెప్పొచ్చు: జాయింట్ కస్టడీ. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు ఉంటాయి, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి క్యాషియర్ దగ్గర. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇదీ అంతే. క్లాసులు రెండు ఊళ్ళలోనూ ఉంటాయి, చివరికి వచ్చే పట్టా ఒకటే, దాని మీద రెండు యూనివర్సిటీల పేర్లూ ఉంటాయి. బాసెల్‌ది 1460లో పెట్టింది, బెర్న్‌ది 1834లో. రెండు ఊళ్ళకీ మధ్య రైల్లో గంట. మా అమ్మాయి బాసెల్‌లో గది తీసుకుని బెర్న్ క్లాసులకి రైల్లో వెళ్ళొచ్చేది. అక్కడ హాఫ్ ఫేర్ కార్డు అని ఒకటుంది, ఏడాదికోసారి కొనుక్కుంటే టికెట్టు సగం ధరకే. అది లేకుండా ఆ దేశంలో రైలెక్కడమంటే కళ్ళు మూసుకుని జేబు తెరవడమే.

రెండు ఊళ్ళు ఎందుకంటే, డబ్బు చదువుకి ఆ రెండూ రెండు కళ్ళలాంటివి. బాసెల్‌లో ఇందాక చెప్పిన బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ (బీఐఎస్) ఉంది. బెర్న్‌లో స్విస్ నేషనల్ బ్యాంకు ఉంది. దానికి బెర్న్‌లో ఒకటి, జ్యూరిక్‌లో ఒకటి ప్రధాన కార్యాలయాలు. బెర్న్‌లోది పార్లమెంటు పక్కనే. ఆ రెండింటి ముందున్న మైదానంలో శనివారం సంత పెడతారు. వీడియోలో చూపించింది: ముల్లంగి కట్టలు, జున్ను ముక్కలు, పూలు, వెనక సెంట్రల్ బ్యాంకు గుమ్మం. మా పాలకొల్లు సంతని తీసుకెళ్ళి ముంబైలో రిజర్వ్ బ్యాంకు మెట్ల మీద పెట్టినట్టుంది.

ఇక పాఠాలు. తన నోట్సు తెరిస్తే మాటల కన్నా గ్రీకు అక్షరాలు ఎక్కువ. ఒక పేజీ మొత్తం ఒకే సమీకరణం చుట్టూ తిరిగింది. "ఇదేంటమ్మా?" అని ఫోన్లో అడిగాను. "ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ నాన్నా" అంది. ఇవాళ ఒక రూపాయి ఖర్చు మానుకుంటే పోయే సుఖం, అదే రూపాయి వడ్డీతో కలిపి రేపు ఖర్చు పెడితే వచ్చే సుఖం. మనిషి ఆ రెండింటినీ తూచుకుని ఎంత దాచాలో తేల్చుకుంటాడు. వడ్డీ మారితే తూకం మారుతుంది. మా కౌంటరు దగ్గర రోజూ చూసిన బేరమే. లేసు అల్లి తెచ్చుకున్న డబ్బులు పట్టుకొచ్చి "వడ్డీ పావలా పెరిగిందటగా బాబూ, ఇంకో ఏడాది వేసేయ్" అనే నరసాపురం ఆడవాళ్ళకి ఆ సమీకరణం తెలుసు, గ్రీకు అక్షరాలే తెలీవు. దాన్ని కోట్ల మందికి పెంచి, కంప్యూటర్లో పెట్టి, వడ్డీ రేటు కదిపితే దేశం ఎలా కదులుతుందో చూడటం ఆ సెమిస్టర్ పని. ఒక క్రెడిట్‌కి సుమారు 30 గంటల శ్రమ అని అక్కడ లెక్క. ఆరు క్రెడిట్ల సబ్జెక్టంటే 180 గంటలు. ముందు రాత్రి గైడు చదివి గట్టెక్కడం కుదరదు.

మొదటిసారి మార్కులు వచ్చినప్పుడు, ఎకనామెట్రిక్స్‌లో, అంటే గణాంకాలతో ఎకనామిక్స్‌ని పరీక్షించే సబ్జెక్టులో, నాలుగున్నర అంది. పదికా అన్నాను. ఆరుకట. అక్కడ ఆరు గొప్ప, నాలుగు పాస్. ఇంటర్లో 980 పైన తెచ్చుకున్న పిల్ల నాలుగున్నరకి ఏడవకుండా ఐస్‌క్రీమ్ తిన్నానని చెప్పింది.

వడ్డీ రేటు మారిస్తే ధరలు వెంటనే ఎందుకు దిగవన్నది నాకు చాన్నాళ్ళ సందేహం. టీవీలో రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, పెంచాం అంటారు, బజార్లో కందిపప్పు అలాగే ఉంటుంది. తను మన కాలువలతో చెప్పింది. విజ్జేశ్వరం దగ్గర గేట్లెత్తిన రోజే మొగల్తూరు శివారు చేలోకి నీళ్ళు రావు కదా. మధ్యలో లాకులు, పిల్ల కాలువలు, ఎవడో కట్టిన అడ్డుకట్టలు. ముందు బ్యాంకులు వాటి రేటు మార్చాలి, తర్వాత అప్పు తీసుకునేవాడు వెనకాడాలి, ఇల్లు కట్టేవాడు ఆగాలి, అప్పుడు ధర మెత్తబడుతుంది. దానికి ఏడాది పైనే పడుతుంది. సెంట్రల్ బ్యాంకువాడు ఇవాళ గేటు తిప్పేది ఇవాళ్టి దాహం చూసి కాదట, వచ్చే ఏడాది నాట్లు ఊహించుకుని. ఊహ తప్పితే ఒక చేను ఎండుతుంది, ఒక చేను మునుగుతుంది.

తను చేరిన సమయం కూడా అలాంటిదే. 2022 సెప్టెంబరు. స్విస్ నేషనల్ బ్యాంకు అంతకు ముందు ఏడేళ్ళకు పైగా వడ్డీని సున్నా కన్నా కిందే ఉంచింది. ఆ జూన్ దాకా మైనస్ 0.75 శాతం. సెప్టెంబరు 22న అర శాతానికి పెంచి ఆ అధ్యాయం ముగించింది. డబ్బు దాచినవాడే ఎదురు కట్టడమనే మాట నా బుర్రకి ఎక్కలేదు. ఎవరూ కట్టకుండా నోట్లుగా ఇంట్లో పెట్టుకోవచ్చుగా అన్నాను. "అదే నాన్నా పరీక్షలో ప్రశ్న" అంది. నోట్లు దాచాలంటే ఇనప్పెట్టె, బీమా, కాపలా ఉండాలి. ఆ ఖర్చు ఎంతో, వడ్డీ సున్నా కన్నా అంతవరకూ దిగొచ్చు. కరెన్సీ చెస్టు కాపలా ఖర్చు ఎంతో నాకు తెలుసు కాబట్టి ఇది ఒక్కదెబ్బకే అర్థమైంది.

అర్థం కానిది ఇంకోటుంది. ఆ 2022లో స్విస్ నేషనల్ బ్యాంకుకి 132 బిలియన్ ఫ్రాంకుల నష్టం వచ్చింది. 132 మీద తొమ్మిది సున్నాలు. నా క్యాష్‌లో సాయంత్రం ఐదొందలు తక్కువొస్తే జేబులోంచి కట్టి, రాత్రి నిద్ర పట్టక, మర్నాడు కట్టలన్నీ విప్పి మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి. వాళ్ళు మర్నాడు మామూలుగా తలుపు తీసి కూర్చున్నారు. మా అమ్మాయి వెనక కథ చెప్పింది. ఫ్రాంకు మరీ బలపడితే వాళ్ళ ఎగుమతులు దెబ్బతింటాయి. అందుకని 2011 సెప్టెంబరు 6న ఒక యూరోకి 1.20 ఫ్రాంకుల కన్నా తగ్గనివ్వం అని ప్రకటించారు. మాట నిలబెట్టుకోవాలంటే ఫ్రాంకులు సృష్టించి యూరోలు కొంటూ పోవాలి. 2015 జనవరి 15న ఆ మాట వదిలేశారు, ఆరోజు ఫ్రాంకు ఒక్కసారిగా ఎగిరింది. ఆ తర్వాత కూడా అడపాదడపా కొన్నారు. అలా పోగుపడిన విదేశీ బాండ్లు, షేర్ల విలువ 2022లో ప్రపంచమంతా వడ్డీలు పెరగడంతో పడిపోయింది. నష్టం దానిదే. ఫ్రాంకు తయారుచేసేదే వాళ్ళు కాబట్టి ఫ్రాంకుల్లో చెల్లించలేని రోజంటూ రాదు. ఐదొందలు తక్కువొచ్చిన క్యాషియర్‌కి ఆ సౌకర్యం లేదు. మారకపు రేటు కట్టేసి ఉంచడం, డబ్బుని సరిహద్దులు దాటి స్వేచ్ఛగా పోనివ్వడం, వడ్డీ రేటు మన ఇష్టప్రకారం పెట్టుకోవడం, ఈ మూడింట్లో ఏ దేశానికైనా రెండే దక్కుతాయన్నది ఈ కోర్సుకి వెన్నెముక లాంటి పాఠం. మండెల్, ఫ్లెమింగ్ అనే ఇద్దరి నుంచి వచ్చిందట. ఫ్రాంకు కథతో విన్నాను కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

2023 మార్చి 19, ఆదివారం. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాయి. ఫోను. "నాన్నా, క్రెడిట్ స్విస్ అయిపోయింది." 1856లో పుట్టిన బ్యాంకుని దాని పోటీదారు, ఇంకో పెద్ద స్విస్ బ్యాంకు యూబీఎస్, మూడు బిలియన్ ఫ్రాంకులకి తీసుకుంటుందని బెర్న్‌లో ప్రకటించారు. ఆ వారమంతా తన క్లాసుల్లోనూ, రైల్లోనూ అదే మాటట. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. సుమారు 16 బిలియన్ ఫ్రాంకుల ఏటీ1 బాండ్లు, అంటే బ్యాంకు మునిగే పరిస్థితి వస్తే రద్దు కావచ్చన్న షరతుతో అమ్మినవి, సున్నా చేసేశారు, షేర్లు పట్టుకున్నవాళ్ళకి మాత్రం ఎంతోకొంత దక్కింది. మామూలుగా ముందు మునగాల్సింది షేర్లవాడు కదా. ఆ బాండ్లు బాసెల్ త్రీ పుట్టించినవి. నేను ఇనీషియల్ వేసి ఫైల్లో పెట్టిన కాగితం. అప్పుడే సరిగా చదివుంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు ఖర్చు. ఈ రివ్యూ అసలు ఇందుకే. మేము కట్టిన రోజుల్లో ఫీజు సెమిస్టర్‌కి వెయ్యి ఫ్రాంకుల లోపే. విని చుట్టాలు నమ్మలేదు. ఇక్కడ ఎల్‌కేజీకి అంతకన్నా ఎక్కువ తీసుకుంటున్నారన్నారు. కానీ మురిసిపోకండి. బతకడానికి ఏడాదికి 20 వేల ఫ్రాంకుల పైన కావాలి. ఆ డబ్బు ఉందని వీసాకి ముందే చూపించాలి. గది అద్దె, తప్పనిసరి ఆరోగ్య బీమా, రైలు. బయట ఒక్క పూట భోజనానికి పెట్టే డబ్బుతో ఇక్కడ నలుగురం బిర్యానీ తిని కిళ్ళీ కూడా వేసుకోవచ్చు. ఆరు నెలలయ్యాక వారానికి 15 గంటల వరకూ పని చేసుకోవచ్చు, అంతకు మించి కుదరదు. తను ఒక ప్రాజెక్టులో డేటా పని చేసి గది అద్దెలో కొంత లాక్కొచ్చింది. రెండేళ్ళకి నా చేతి మీదుగా వెళ్ళింది 29 లక్షలు. అందులో 18 లక్షలు లోను. లోను ఇచ్చిన బ్రాంచిలో మేనేజరు గారు, "స్విట్జర్లాండంటే హనీమూన్‌కి వెళ్ళేది కదండీ, చదువుకి కూడా వెళ్తారా?" అన్నారు. స్థలం కాగితాలు తనఖా పెట్టి, ఏడు వారాలు తిరిగాక చేతికొచ్చింది. 36 ఏళ్ళు కౌంటరు లోపల ఉన్నవాణ్ణి, బయట నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఫీజు కాదు, ఫ్రాంకు చూసుకోండి. నేను మొదటిసారి పంపినప్పుడు ఫ్రాంకు 83 రూపాయల చిల్లర. 2024లో ఆఖరుసారి పంపినప్పుడు 95. 2025 దసరా నాటికి 110 దగ్గరుంది. పది వేల ఫ్రాంకులు పంపితే, మొదటిసారికీ ఆఖరుసారికీ రేటు తేడా లక్ష పైన. సెమిస్టర్ ఫీజు కన్నా రేటు తేడానే నన్ను ఎక్కువ తిన్నది. అంతర్జాతీయ ద్రవ్య శాస్త్రం చదివే పిల్ల తండ్రికి ద్రవ్య శాస్త్రం చేసిన మర్యాద అది. "ముందే కొని పెట్టుకోవాల్సిందా?" అంటే, "రేటు రేపు ఎటు పోతుందో చెప్పగలిగితే నేను చదువు మానేసి అదే చేద్దును నాన్నా" అంది. ఇంకో మాట, చదువుకి పంపే డబ్బు ఏడాదికి 7 లక్షలు దాటితే పైన 5 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పట్టేవారు, లోను డబ్బయితే అర శాతం. 2025 ఏప్రిల్ నుంచి హద్దు 10 లక్షలు చేశారు, లోను డబ్బుకి అసలు తీసేశారు. పట్టిన టీసీఎస్ రిటర్నులో సర్దుకోవచ్చు. చాలామంది ఇది పోయిన డబ్బు అనుకుంటారు.

సరుకుల సంగతి చెప్తే మా ఆవిడకి నవ్వు. బాసెల్‌లో ఎనిమిదో నంబరు ట్రామ్ ఎక్కితే జర్మనీలో వైల్ అనే ఊళ్ళో దిగుతారు. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళినంత దూరం కూడా ఉండదు. అదే పేస్టు, అదే షాంపూ, అదే పెరుగు అక్కడ చాలా చవక. శనివారం సంచులేసుకుని దేశం దాటి సరుకులు తెచ్చుకునేది. ఒకే వస్తువు రెండు చోట్ల రెండు ధరలకి ఎందుకు నిలబడుతుందన్నది పెద్ద ప్రశ్నే. తను థీసిస్ కూడా ఆ దారిలోనే రాసింది, మారకపు రేటు మారితే అది కొట్లో ధర దాకా ఎంత దిగుతుంది, ఎన్నాళ్ళకి దిగుతుంది అని. మొత్తం దిగదట. మధ్యలో వ్యాపారి కొంత మింగుతాడు, కొంత వదులుతాడు. "ఇది తెలుసుకోవడానికి అంత దూరం ఎందుకే, మన కిరాణా కొట్టాయన్ని అడిగితే సరిపోయేది" అంది వాళ్ళమ్మ.

తను వచ్చేటప్పుడు నాకు తెచ్చింది ఒకే ఒక్క వస్తువు, పది ఫ్రాంకుల నోటు. చాక్లెట్లు వాళ్ళమ్మకి. ఆ నోటు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, క్షమించాలి. పసుపు రంగు. నిలువుగా చూసేలా వేశారు. మనుషుల బొమ్మ లేదు, సంగీతం నడిపించేవాడి పుల్ల పట్టుకున్న చెయ్యి, పక్కన భూగోళం. కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచు సాగదీశాను. మన నోటులా నూలు మెత్తదనం కాదు, మూడు పొరలు, మధ్యలో ప్లాస్టిక్ లాంటి పొర, రెండు పక్కలా కాగితం. వేలితో కొడితే టప్‌మని చిన్న చప్పుడొస్తుంది. మడత పెట్టి వదిలితే తిరిగి లేస్తుంది, కట్టలో సరిగ్గా కూర్చోదు, లెక్కపెట్టడానికి స్పాంజి తడి పనిచెయ్యదేమో. బ్యాంకు పేరు నాలుగు భాషల్లో ఉంది. మన పది రూపాయల నోటు పక్కన పెట్టి మా అమ్మాయికి వెనక వరుస చూపించాను. పదిహేను భాషలు, కింద నుంచి రెండోది మన తెలుగు, "పది రూపాయలు". "36 ఏళ్ళు దీన్నే లెక్కపెట్టాను, ఈ వరుస చదివిన కస్టమరు ఒక్కడూ కనపళ్ళేదు" అన్నాను. తను చదివింది, పైనుంచి కిందికి, తెలిసిన లిపులన్నీ. వాళ్ళ దగ్గర వెయ్యి ఫ్రాంకుల నోటు కూడా ఉందట. ఇవాళ్టి రేటుకి లక్ష రూపాయల పైనే, ఒక్క కాగితం. అది నా క్యాష్‌లో తక్కువొచ్చుంటే నా సంగతేంటి అన్న ఆలోచన ఆ రాత్రి చాలాసేపు పోలేదు.

ఉద్యోగం మాట అడుగుతారని తెలుసు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లోలా కంపెనీలు వచ్చి కూర్చుని ఆఫర్ లెటర్లు పంచే పద్ధతి ఊహించుకుని వెళ్ళకండి. డిగ్రీ అయ్యాక వెతుక్కోవడానికి ఆరు నెలలు ఉండనిస్తారు. యూరప్ పాస్‌పోర్టు లేనివాళ్ళకి, జర్మన్ భాష రానివాళ్ళకి అది ఎదురీతే. మా అమ్మాయి నాలుగు నెలలు ఈది, ముంబైలో ఒక సంస్థ రీసెర్చ్ విభాగంలో పని దొరికితే వచ్చేసింది. జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలంత లేదు. లోను వాయిదా తనే కడుతోంది, నన్ను ముట్టుకోనివ్వదు. కాబట్టి మూడేళ్ళలో పెట్టుబడి తిరిగి రావాలనుకునేవాళ్ళకి ఇది కాదు. సెంట్రల్ బ్యాంకులు, పరిశోధన, పీహెచ్‌డీ వైపు చూసేవాళ్ళకి, పైగా లెక్కలంటే విసుగు రానివాళ్ళకి, ఆ ఫీజుకి ఆ స్థాయి చదువు చౌకే అంటాను. ఎమ్మేలో విన్నదాన్ని లెక్క కట్టి చూపిస్తారన్న తన వాదన నిలబడింది. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ తగ్గించిన అర ఫ్రాంకు ఖాతాలో వేసుకోండి, యూనివర్సిటీల ఖాతాలో కాదు.

2025 దసరాకి ఇంటికొచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా రొయ్యలతో సహా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతం చేసింది, చెరువులవాళ్ళందరూ కంగారులో ఉన్న రోజులవి. మా బావమరిదికి ఆకివీడు దగ్గర ఎనిమిది ఎకరాల రొయ్యల చెరువు, వనామి రకం. వస్తూనే కుర్చీ లాక్కుని, "ఏమ్మా, డబ్బు మీద పెద్ద చదువు చదివొచ్చావు, 100 కౌంటు రేటు ఎప్పుడు లేస్తుందో చెప్పు, అప్పుడు పడతాను" అన్నాడు. కేజీకి వంద తూగే రొయ్యని 100 కౌంటు అంటారు.

"తెలీదు మావయ్యా" అంది.

"బావా, 29 లక్షలు పెట్టి తెలీదని చెప్పడం నేర్పించావా?"

తను నవ్వి కాగితం మీద రెండు గీతలు గీసింది. సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారే అయినా, ఆ బరువు చివరికి ఎవరి మీద పడుతుందన్నది ఎవరు తప్పుకోలేరో వాళ్ళని బట్టి ఉంటుందట. అమెరికావాడికి ఈక్వడార్ రొయ్య ఉంది, దాని మీద అప్పటికి సుంకం 15 శాతమే, కాబట్టి వాడు అటు జరుగుతాడు. ఇక్కడ రొయ్య కొని ఎగుమతి చేసే ప్లాంటువాడు కొన్నాళ్ళు కొనడం తగ్గిస్తాడు. "మరి నువ్వు జరగగలవా మావయ్యా? రొయ్య చెరువులో ఉంది, రోజూ మేత తింటోంది, కరెంటు బిల్లు తిరుగుతోంది, ఏ రాత్రి వైరస్ వస్తుందో తెలీదు. నువ్వే ఎక్కువ ఆగలేనివాడివి. అందుకే బరువు నీ గట్టు మీదికి వస్తోంది." పెద్ద సైజు రొయ్య దాకా పెంచితే వేరే దేశాలకి దారి ఉందేమో కనుక్కోమంది, కానీ దానికయ్యే మేత ఖర్చు లెక్క నువ్వే వెయ్యాలి, నాకు చెరువు తెలీదు అని కూడా చెప్పింది. అతను ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత సగం చెరువు పట్టేశాడు, సగం ఉంచాడు. మంచి పని చేశాడో లేదో ఆ గీతల్లో లేదట.

మా వీధి చివర ఒక కుర్రాడున్నాడు, డిగ్రీ ఎకనామిక్స్ రెండో సంవత్సరం. ఈ కోర్సు సంగతి విని మొన్న వచ్చాడు. "అంకుల్, మేథ్స్ ఎంత ఉంటుందండీ?" అన్నాడు. నేనేం చెప్పలేదు, మొదటి సెమిస్టర్ నోట్సు చేతిలో పెట్టాను. నిలబడే తిరగేశాడు. పది పేజీలయ్యాక, "ఇది ఎకనామిక్సేనాండీ?" అన్నాడు. ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ పేజీ తీసి, మా అమ్మాయి చెప్పిందే నాకొచ్చినట్టు చెప్పాను. కాసేపు ఆగి, "వారం రోజులు ఉంచుకోవచ్చా?" అని పట్టుకెళ్ళాడు. ఇవాళ్టికి పన్నెండో రోజు.